తెరమీది తెలుగు రాత

ఆంధ్రదేశమునకు వెలుపల నున్న తెలుగువానికి, రతన్‌పూర్ దాపున బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నైనను, అమెరికాలోని హ్యూస్టన్‌లో నైనను, తెలుగు అచ్చు చిరకాలము అందని వస్తువే. 1990వ దశకపు తొలినాళ్లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఈ కొరతకు ఒక ఉపాయము కల్పించిరి. ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయు ఆ పద్ధతిలో తకారమునకు చిన్నబడి 'టి', టకారమునకు పెద్దబడి 'టి'. వ్రాయువాడు తెలుగును కంటితో గాక చెవితో కూర్చుకొనవలెను. పద్యప్రియులకు ఇది అడ్డు కాలేదు. గురులఘువులు లెక్కించువానికి మీటలొక లెక్కా!

1998లో 'ఈమాట' పత్రిక వెలువడినది. యాహూ గ్రూపులలో ఒకటైన 'రచ్చబండ'లో ఛందస్సును గూర్చి, కథను గూర్చి వాదములు సాగినవి. 2006లో వీవెన్ 'లేఖిని'ని రూపొందించుటతో ఏ సరంజామా లేకయే, తెరచిన పుటలోనే తెలుగు పడసాగెను. కొత్త బ్లాగులను ఒకచోట చూపుటకు 'కూడలి' వచ్చినది.

బ్లాగు సొంత ఇల్లు వంటిది. పేరు, రంగు, అంచు, ఆఖరికి పక్కన వ్రేలాడు పనికిమాలిన బొమ్మ కూడ ఇంటివాని ఇష్టమే. ఒకరు తాతగారి ఊరిమాటలు పోగుచేసిరి. మరొకరు గళ్లనుడికట్టు కూర్చిరి. చదువరులు పదిమందియే యైనను ఆ పదిమందికి త్రోవ తెలియును.

2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ సర్వజనులకు తెరువబడెను. 2009లో మెప్పు తెలుపు మీట వచ్చెను. ఇందువలన మేలు జరుగలేదనుట అన్యాయము. మీటల గుట్టు ఎరుగని గృహిణులు, ఉపాధ్యాయులు ఫోను మీద కథలు వ్రాసి చదువరులను సంపాదించుకొనిరి. కాని అందరి ఇండ్లకు ఒకటే గోడ, ఒకటే రంగు. నిన్నటి వ్యాసము నేడు వెదకినను సులువుగా చిక్కదు. మెప్పు లెక్క కంటబడుచుండగా, వారము రోజులు కూర్చొని గళ్లనుడికట్టు కూర్చువాని ఓపిక ఎంతకాలము నిలుచును? వింతదనము పోలేదు; అది కూర్పును విడిచి అభిప్రాయమున చేరినది.

ఇంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. వ్యక్తిగత పుటలకు పుట్టినిల్లయిన జియోసిటీస్ 2009లో మూతపడెను. యాహూ గ్రూపులు 2020 డిసెంబరు 15న ముగిసినవి. తప్పులతడకలైన తాటాకు ప్రతులను సైతము బ్రౌను దొర సేకరించి, కడపలో పండితులచేత శుద్ధప్రతులు వ్రాయించెను. తెరమీది రాతలకు అట్టి పోషకుడు అరుదు. వాటిని దించి దాచుకొన్నవారి కంప్యూటర్లలో కొన్ని మిగిలినవి. 'ఈమాట' మాత్రము తన తొలి సంచికలను నేటికిని తెరచియే ఉంచినది.