మార్గదర్శక రోబోలు: రైనో, మినర్వా

భవనాంతర్భాగములలో జనసమ్మర్దము నడుమ స్వయముగా సంచరించుచు సందర్శకులకు దారిచూపిన యంత్రములలో రైనో, మినర్వా అనునవి ప్రథమగణ్యములు. బాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిర్మించిన రైనో 1997లో ఆ నగరమందలి డాయిచెస్ మ్యూజియమున ఆరు దినములు పనిచేసి, రెండువేల మందికి పైగా సందర్శకులను ప్రదర్శనవస్తువుల చెంతకు కొనిపోయెను. గాజుపెట్టెలు దాని సెన్సార్లకు సరిగా గోచరింపవు గనుక, వానిని ముందుగనే పటమున గుర్తించి, తన స్థానమును సంభావ్యతా గణితముచే అంచనా వేసికొనుచు, అది వానికి తగులక నడచెడిది.

అయితే గోడలను, బల్లలను తప్పించుకొనుట యొకయెత్తు. మనుష్యులతో మెలగుట వేరొకయెత్తు. యంత్రము నిజముగా ఆగునో ఆగదో చూడవలెనను వేడుకతో జనులు త్రోవకు అడ్డు నిలుచుట సహజమే కదా! ఈ చిక్కును మనసున నుంచుకొనియే, 1998లో వాషింగ్టనులో స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర జాతీయ ప్రదర్శనశాలలో రెండు వారములు పనిచేసిన మినర్వాకు, కార్నెగీ మెలన్, బాన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు కదలెడి కనుబొమలును నోరును గల ముఖము నమర్చిరి. దారి తెరపిగా నున్నప్పుడు ప్రసన్నముగా సాగు ఆ యంత్రము, ఎవరేని అడ్డగించినచో మొదట మర్యాదగా తొలగుమని కోరి, అప్పటికిని కదలకున్న ముఖము చిట్లించి, స్వరము కఠినము చేసెడిది. జనులను ఆకర్షించుటకు ఏ ముఖభావము, ఏ ధ్వని తగునో అనుభవమున నేర్చుకొను ఏర్పాటును దానికి గలదు. కోపముకంటె ప్రసన్నతయే జనులను చేరువ చేయునని అది గ్రహించుట మిక్కిలి గమనింపదగిన విషయము.

మనుష్యుల నడుమ పాటింపబడు దూరములను గూర్చి మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హాల్ 1966లో ప్రకటించిన సిద్ధాంతము ఇట్టి యంత్రములను గూర్చిన తరువాతి పరిశోధనలకు ఆధారమైనది. దాని ననుసరించి నేటి రోబోలు నడవలలో ఎదురగువారికి ఎడము విడిచి, వేగము తగ్గించి ప్రక్కకు ఒదుగునట్లు రూపొందింపబడుచున్నవి.