ఎముకలో ఔషధ వాహకం: కాల్షియం ఫాస్ఫేట్-పాలిమర్ సంయుక్త పదార్థాల చరిత్ర

ఎముకకు చీము పట్టినప్పుడు రక్తంలోకి ఎక్కించిన మందు ఆ చోటికి చాలినంతగా చేరదు. నిర్జీవమైన ఎముక ముక్కకు రక్తప్రసరణ ఉండదు. శస్త్రవైద్యుడు దానిని తొలగిస్తే గుంట మిగులుతుంది. ఆ గుంటను దేనితో పూడ్చాలి, పూడ్చిన పదార్థమే మందును ఎలా మోయాలి అన్న ప్రశ్నలే ఈ చరిత్రకు మూలం.

ఈ చరిత్రను 1970 తర్వాతి పరిశోధనలతో ప్రారంభించడం పరిపాటి. అది అసమగ్రమని నా అభిప్రాయం. 1892లోనే జర్మన్ శస్త్రవైద్యుడు డ్రీస్‌మన్ కార్బాలిక్ ఆమ్లం కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఎముక గుంటలను పూడ్చాడు. ప్లాస్టర్ కాల్షియం సల్ఫేటే తప్ప ఫాస్ఫేట్ కాదు. అయినా శరీరంలో కరిగిపోయే ఖనిజంలో క్రిమినాశకాన్ని ఉంచాలన్న ఆలోచన అక్కడ స్పష్టంగా ఉంది. 1920లో అమెరికాలో ఆల్బీ, మోరిసన్‌లు కాల్షియం ఫాస్ఫేట్‌ను కుందేళ్ల ఎముకల్లో ప్రయోగించారు. వారి దృష్టి ఎముక పెరుగుదల మీదే, మందు మీద కాదు. (ద్రావణంలోని ఫాస్ఫేట్‌ను రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ఫిస్క్‌తో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు ప్రకటించినది 1925లో.)

1970లో బుక్‌హోల్జ్, ఎంగెల్‌బ్రెక్ట్‌లు కృత్రిమ కీళ్లను బిగించే సిమెంటులో జెంటామైసిన్ కలిపిన అనుభవాన్ని ప్రకటించారు. ఆ సిమెంటు పాలీమిథైల్ మిథాక్రిలేట్ అనే పాలిమర్. అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, శరీరంలో కరగదు, కలిపిన మందులో అధికభాగాన్ని తనలోనే బంధిస్తుంది. అదే పాలిమర్‌తో చేసిన జెంటామైసిన్ పూసలను సాధారణంగా మరో శస్త్రచికిత్స చేసి బయటకు తీయవలసి వచ్చేది. రోగి మీద పడిన ఈ రెండో కోతే ప్రత్యామ్నాయాల అన్వేషణకు బలమైన కారణం.

1980లలో బ్రౌన్, చౌ రూపొందించిన కాల్షియం ఫాస్ఫేట్ సిమెంటు ఇందుకు భిన్నమైనది. రెండు ఫాస్ఫేట్ల పొడిని నీటితో తడిపితే, శరీర ఉష్ణోగ్రత వద్దనే అది ఎముక ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీఅపటైట్‌గా మారుతుంది. వేడికి చెడిపోయే ప్రోటీన్లకూ అందులో చోటు దొరికింది. రెండింటినీ తెలుగులో ‘ఎముక సిమెంటు’ అనే రాస్తున్నాం. ఒకటి పాలిమర్, మరొకటి ఖనిజం అన్న భేదం ఆ పేరులో మరుగున పడుతోంది.

ఖనిజ సిమెంటుకూ లోపాలున్నాయి. అది పెళుసు. దాని రంధ్రాల గుండా మందు చాలావరకు తొలి రోజుల్లోనే బయటపడవచ్చు. అందుకే జెలాటిన్, కైటోసాన్, లాక్టిక్-గ్లైకోలిక్ ఆమ్లాల సహపాలిమర్ దీనికి తోడయ్యాయి. మందు నింపిన సహపాలిమర్ సూక్ష్మగోళాలను సిమెంటులో కలిపితే, అవి క్షీణించే కొద్దీ మందు విడుదలవుతుంది. అవి ఖాళీ చేసిన రంధ్రాల్లోకి కొత్త ఎముక పెరుగుతుంది. క్షీణతలో పుట్టే ఆమ్లాన్ని ఫాస్ఫేట్ కొంతవరకు తటస్థీకరిస్తుంది. ఈ పదార్థాలను ‘మిశ్రమం’ అనడం కంటే ‘సంయుక్త పదార్థం’ అనడం మేలు: ఇక్కడ రెండు భాగాలూ కలిసినా, దేని పని దానిదే. కొల్లాజెన్, అపటైట్‌లు కలిసిన సహజమైన ఎముక నిర్మాణమూ అటువంటిదే.