బోర్డు లేని వృద్ధాశ్రమాలు

కోవిడ్ చరిత్రలో వృద్ధాశ్రమానిది పెద్ద అధ్యాయం. 2020 మార్చిలో స్పెయిన్ సైన్యం కొన్ని ఆశ్రమాల్లోకి వెళ్ళి చూస్తే, పట్టించుకునే దిక్కులేని ముసలివాళ్ళు, మంచాల మీదే పోయినవాళ్ళు కనిపించారు. కెనడాలో మొదటి వేవ్ మరణాల్లో దాదాపు 80 శాతం అలాంటి చోట్లే. మరి అనంతపురంలో?

జిల్లాకి కనీసం ఒక్క వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వం పెట్టొచ్చని 2007 నాటి చట్టం చెప్తుంది. కానీ ఈ కరువు సీమలో ముసలితనం ఎక్కువగా గడిచేది ఊళ్ళోనే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, దాన్ని నమ్ముకున్న శనక్కాయ పంట. వాన తప్పితే పడుచువాళ్ళు బెంగుళూరుకో కేరళకో బతకడానికి పోతారు. ఇంటికాడ మిగిలేది అవ్వ, తాత, బడికి పోయే మనవళ్ళు. బోర్డు లేదు, నర్సు లేదు, అంతే తేడా.

ఈ ఇల్లు 1918లో కూడా చెదిరింది, ఇంకోలా. ఆ ఏడు నైరుతి తప్పింది, వెనకాలే ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. దేశంలో 1.2 నుంచి 1.8 కోట్ల మంది పోయారని అంచనా. ఆ జ్వరం ముఖ్యంగా 20-40 ఏళ్ళవాళ్ళని ఎత్తుకుపోయింది. కొడుకుని, కోడల్ని పోగొట్టుకుని మనవళ్ళని సాకిన ముసలివాళ్ళ కథ ఏ గెజిటీర్‌లోనూ దొరకదు. 1921 జనాభా లెక్కల్లో దేశ జనాభా తగ్గిందన్న అంకెలోనే అది కలిసిపోయింది.

కోవిడ్ లెక్క తిరగబడింది: ఈసారి గురి ముసలివాళ్ళే. పడమటి దేశాల ఆశ్రమాలు తలుపులు మూసి బిడ్డల్ని రానివ్వలేదు. ఇక్కడ లాక్‌డౌన్ బిడ్డల్ని వెనక్కి పంపింది. ఏడాదంతా ఎదురుచూసిన మనిషి గడపలో నిలబడితే, ఆ రాకే భయమైంది. ఒకే గది ఇంట్లో ఎవరిని ఎక్కడ దూరం పెడతారు? పైగా కూలి ఆగిపోయిన ఇంట్లో నిక్కచ్చిగా వచ్చే డబ్బు అవ్వ పింఛను 2,250 రూపాయలే. సాకాల్సినవాళ్ళని ముసలామే సాకింది. 2020 ఫిబ్రవరి నుంచి 2024 దాకా వాలంటీర్లు ఆ పింఛను గడప దగ్గరికే తెచ్చి ఇచ్చారు. అంటువ్యాధి భయంతో వేలిముద్ర పోయి ఫోటో వచ్చింది.

ఆశ్రమంలో చావుకి రిజిస్టరు ఉంటుంది. ఇంట్లో, పరీక్ష లేకుండా, "జ్వరమొచ్చి పోయింది" అన్న మాటే ఉంటుంది. 2020-21లో భారత్‌లో 47 లక్షల అదనపు మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేస్తే, ప్రభుత్వం ఒప్పుకోలేదు. అధికారిక లెక్క అందులో పదో వంతు. ఎవరి మాట నెగ్గినా, మధ్యలో జారిపోయేది ఇలాంటి ఇళ్ళలో పోయినవాళ్ళే.

అనంతపురం కోవిడ్ చరిత్ర రాయాలంటే ఆస్పత్రి కాగితాలు చాలవు. నెలనెలా పింఛను జాబితాలు పక్కపక్కన పెట్టి, ఏ నెల ఏ ఊళ్ళో ఎన్ని పేర్లు రాలిపోయాయో చూడాలి. బోర్డు లేని ఆ ఆశ్రమాలకి ఉన్న రిజిస్టరు అదొక్కటే.