పగడమిచ్చి వజ్రం కొన్నవాళ్ళు

ఇంటి తలుపు మీద 'రోడ్రిగ్స్' అని రాసి ఉంటే నస్పూర్‌లో ఎవరూ ఆగి చూడరు. బొగ్గుబావులూ రైలుబండీ కలిసి ఎక్కడెక్కడి మనుషులనో ఈ గోదావరి ఒడ్డుకు తెచ్చాయి. కాజీపేట నుంచి బెల్లంపల్లి దాకా రైలు పట్టాల వెంట పోతే పెరీరాలు, ఫెర్నాండెజ్‌లు అక్కడక్కడా తగులుతూనే ఉంటారు. అలాంటి ఇంటివాళ్ళు ఈ మధ్య ఒక ప్రశ్న అడుగుతున్నారు. "మా ముత్తాతలు పోర్చుగీసు దొరలట సార్. అండ్ల శానామంది మతం దాసుకున్న యూదులట. గట్లయితే మేం గూడ యూదులమేనా?"

ప్రశ్నలో కుతూహలం ఎంత ఉందో ఆశ కూడా అంతే ఉంది. ఒకప్పుడు తమ దేశం వెళ్ళగొట్టిన యూదుల వారసులకు పౌరసత్వం ఇస్తామని పోర్చుగల్ 2013లో చట్టం చేసి, 2015 నుంచి అమలుకు తెచ్చింది. ఆ వారసత్వానికి ఆధారాలుగా వంశవృక్షం, ఇంట్లో మాట్లాడే భాషతో పాటు ఇంటిపేరును కూడా లెక్కలోకి తీసుకుంది. 2022లో నిబంధనలు బిగించారు గానీ, అప్పటికే 'మీ ఇంటిపేరు ఈ జాబితాలో ఉందా' అనే పట్టికలు ప్రపంచమంతా పాకిపోయాయి. యూరప్ పాస్‌పోర్టు మీద మనసున్నవాడికి ఆ పట్టికలో తన పేరు కనిపిస్తే నిద్ర పట్టదు.

పేరు దగ్గరే మొదలుపెడదాం. 1492లో స్పెయిన్ యూదులను తరిమేస్తే చాలామంది పక్కనే ఉన్న పోర్చుగల్‌కు చేరారు. 1496 డిసెంబరులో అక్కడి రాజు మాన్యుయెల్ కూడా వెళ్ళిపొమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. తీరా 1497లో వెళ్ళనివ్వకుండా పట్టుకొని బలవంతంగా జ్ఞానస్నానం చేయించాడు. ఆ పూట నుంచి వాళ్ళు 'కొత్త క్రైస్తవులు'. అప్పుడు వాళ్ళకు వచ్చిన పేర్లు దేశంలో అందరికీ ఉన్నవే: రోడ్రిగ్స్, మెండిస్, హెన్రిక్స్, నూనిస్, పెరీరా. మతం మారినవాడు జనంలో కలిసిపోవడానికే పెట్టిన పేరు, ఐదు వందల ఏళ్ళ తర్వాత అతణ్ణి విడిగా పట్టి ఎలా చూపిస్తుంది?

చెట్ల పేర్లున్న వంశాలన్నీ యూదులవేనని ఒక ప్రచారం ఉంది. పెరీరా అంటే బేరిపండు చెట్టు కాబట్టి పెరీరాలంతా యూదులట. 1385లో అల్జుబరోటా యుద్ధం గెలిచి పోర్చుగల్ స్వాతంత్ర్యం నిలబెట్టిన సేనాని పేరు నూనో ఆల్వారిస్ పెరీరా. బలవంతపు జ్ఞానస్నానాలకు వందేళ్ళ ముందటి మనిషి, పాత క్రైస్తవ ప్రభువంశీకుడు. 2009లో కేథలిక్ చర్చి ఆయన్ను పునీతుడిగా కూడా ప్రకటించింది. మన దగ్గర గోల్కొండ ఇంటిపేరున్న వాళ్ళంతా కుతుబ్‌షాహీలు కానట్టే ఇదీను. ఇంటిపేరు అనే ఆధారం ఇక్కడితో చెల్లదు.

అలాగని పోర్చుగీసు యూదులు తెలుగునేలను చూడనే లేదని అనుకోవద్దు. చూశారు. వజ్రాల కోసం వచ్చారు.

అందరికంటే ముందు చెప్పాల్సిన పేరు ఆల్వారో మెండిస్. పోర్చుగల్‌లో తవీరా పట్నంలో కొత్త క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. 16వ శతాబ్దం నడుమ 'నర్సింగ' రాజ్యంలో, అంటే పోర్చుగీసువాళ్ళు అలా పిలిచిన మన విజయనగరంలో, వజ్రపు గనులు గుత్తకు తీసుకొని అపారంగా గడించాడు. 1555లో స్వదేశం చేరి రాజుగారి చేత బిరుదు పొందాడు. అక్కడి నుంచి మాడ్రిడ్, ఫ్లోరెన్స్, పారిస్, లండన్ తిరిగాడు. 1585లో ఇస్తాంబుల్ చేరాక మాత్రం ముసుగు తీసేసి, తాను సాలమన్ ఇబ్న్ యాయిష్ అనే యూదుణ్ణని బాహాటంగా చెప్పుకున్నాడు. 1603లో పోయేదాకా ఆ పేరుతోనే బతికాడు. మన గనుల దగ్గర ఉన్నన్నాళ్ళూ అతను కాగితాల మీద మంచి కేథలిక్కే. ఇస్తాంబుల్ కాగితాలు కలపకపోతే ఈ మనిషి ఎవరో తేలేది కాదు.

ముసుగు తీసే వీలు లేనివాళ్ళ గతి ఏమిటో గోవా చెబుతుంది. గార్సియా ద ఒర్తా అనే వైద్యుడు 1534లో గోవా చేరాడు. అతని తల్లిదండ్రులు స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టబడ్డ యూదులు. 1563లో గోవాలోనే అచ్చయిన అతని ఓషధుల పుస్తకంలో వజ్రం మీద కూడా ఒక అధ్యాయం ఉంది. 1560లో గోవాకు ఇంక్విజిషన్, అంటే మతం తప్పినవాళ్ళను పట్టి శిక్షించే చర్చి న్యాయస్థానం, వచ్చింది. ఒర్తా 1568లో మామూలు చావే చచ్చాడు. మరుసటి ఏడు అతని చెల్లెలు కతరీనాను రహస్యంగా యూదు మతం పాటిస్తున్నదని సజీవంగా కాల్చారు. 1580లో ఒర్తా సమాధి తవ్వి ఎముకలను సైతం కాల్చారు. ఇలాంటి చోట మతం దాచుకున్నవాడు గుర్తులు వదిలిపెట్టడు. గోవా ఇంక్విజిషన్ 1812 దాకా నడిచింది. దాని దస్తావేజుల్లో చాలాభాగం తగలబెట్టారు గానీ, 1623లో తయారైన ఒక సూచిక లిస్బన్‌లోని జాతీయ గ్రంథాలయంలో బతికి ఉంది. దాదాపు 3,800 కేసుల చిట్టా అది. గోవా మూలాలున్న ఇంటికి అసలైన యూదు ఆధారం దొరికితే, ఇంటిపేర్ల పట్టికలో కాదు, అక్కడ దొరకాలి.

ఇక మనకు దగ్గరి కథ మద్రాసుది. 1688 సెప్టెంబరులో మద్రాసు కార్పొరేషన్ మొదలైంది. దాని ఆల్డర్మన్లు, అంటే నగరసభ పెద్దలు, 12 మంది. అందులో చిన్న వెంకటాద్రి లాంటి మన వర్తకులు ఉన్నారు. వాళ్ళ పక్కనే బార్తలోమ్యూ రోడ్రిగ్స్, డొమింగో దో పోర్టో, ఆల్వారో ద ఫొన్సెకా అని మూడు పేర్లున్నాయి. ఉత్త పేర్లు చదివితే శాంథోమ్ నుంచి వచ్చిన పోర్చుగీసు కేథలిక్కులని అనుకుంటాం. ఊరిని ఏలే ఈస్టిండియా కంపెనీ లెక్కల్లో మాత్రం వాళ్ళు హీబ్రూ వర్తకులు, అంటే యూదులు. అదే ఊళ్ళో అదే రకం పేర్లతో కేథలిక్ పోర్చుగీసు కుటుంబాలు కూడా ఉన్నాయని గుర్తుంచుకోవాలి. వాళ్ళను వీళ్ళ నుంచి వేరు చేసేది పేరు కాదు, కంపెనీ గుమస్తా రాసిన మతం మాట.

దాన్ని బలపరిచేది ఒక సమాధిరాయి. జాక్స్ ద పైవా అనే వర్తకుడిది. 1687లో గోల్కొండ గనులకు వెళ్ళి, జబ్బుపడి చనిపోయాడు. అదే ఏడు సెప్టెంబరులో ఔరంగజేబు గోల్కొండ కోటను పట్టుకున్నాడు. ద పైవాను మద్రాసు పెద్దనాయకన్‌పేటలో, మింట్ స్ట్రీట్ దగ్గర యూదుల శ్మశానంలో పెట్టారు. ఆ రాళ్ళను తర్వాత లాయిడ్స్ రోడ్డుకు మార్చారు. వాటి మీద హీబ్రూ అక్షరాలున్నాయి. గోవాలో అలాంటి రాయి ఎత్తితే బతికి ఉన్నవాళ్ళ ప్రాణం పోయేది. కాబట్టి 'పోర్చుగీసు' ఇంటిపేరున్న మనిషి యూదుడా కాదా అని తేల్చడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు: చచ్చాక ఎక్కడ పడుకోబెట్టారు, ఏ లిపిలో రాశారు.

మద్రాసులో వీళ్ళకు ఇంత స్వేచ్ఛ ఎలా వచ్చింది? దయ వల్ల కాదు, సరుకు వల్ల. యూదులు 1656 తర్వాత మళ్ళీ ఇంగ్లండ్‌లో స్థిరపడసాగారు. ఈస్టిండియా కంపెనీ మిగతా వ్యాపారమంతా గుప్పిట్లో పెట్టుకున్నా, వజ్రాల కొనుగోలును మాత్రం రుసుము తీసుకొని విడి వర్తకులకు వదిలేసింది. లండన్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో స్థిరపడ్డ పోర్చుగీసు యూదులకు మధ్యధరా సముద్రపు రేవు లివోర్నోలో బంధువులున్నారు. 1590ల్లో అక్కడి ప్రభువు యూదులను పిలిచి మరీ రక్షణపత్రాలు ఇచ్చాడు. ఆ సముద్రంలో ఎర్ర పగడం పండుతుంది. లివోర్నో పగడం లండన్ చేరి, ఓడెక్కి మద్రాసు వచ్చేది. అక్కడ అమ్మితే వచ్చిన డబ్బుతో గోల్కొండ వజ్రం కొని తిరిగి పంపేవాళ్ళు. మన ఆడవాళ్ళ పుస్తెల పక్కన గుచ్చే పగడాల్లో కొన్ని ఈ దారినే వచ్చి ఉంటాయి. జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ ఇప్పటికీ ఉంది. కొల్లూరు గనిలో 60 వేలమంది పనిచేస్తున్నారని ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆ గని ఉన్న చోటు ఇవాళ పులిచింతల నీళ్ళ కింద ఉంది.

మరి ఈ యూదుల పిల్లలు ఏమయ్యారు? నస్పూర్ ప్రశ్నకు జవాబు అసలు ఇక్కడుంది. ద పైవా భార్య హియరోనిమా భర్త పోయాక అప్పటి మద్రాసు గవర్నరు ఎలిహు యేల్‌తో కలిసి ఉంది. తర్వాత అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన యేల్ ఇతనే. వాళ్ళకు ఛార్లెస్ అనే కొడుకు పుట్టాడు. తల్లీకొడుకుల జాడ దక్షిణాఫ్రికాలోని కేప్‌లో ముగుస్తుంది. మిగిలినవాళ్ళు కూడా పది, ఇరవై ఏళ్ళు వ్యాపారం చేసి సొమ్ముతో లండన్ తిరిగిపోవడానికి వచ్చినవాళ్ళే. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాక గోల్కొండ రాయికి గిరాకీ పడిపోయింది, మద్రాసు యూదుల గుంపు సన్నగిల్లింది. వాళ్ళు బొగ్గుబావుల్లో పనికి దిగలేదు. సింగరేణిలో బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో. మధ్యలో నూట యాభై ఏళ్ళ ఖాళీ. ఆ ఖాళీ మీదుగా నస్పూర్ దాకా వంతెన వేయాలంటే కాగితం కావాలి, కోరిక చాలదు.

అయితే ఈ పేర్లు ఇక్కడికి వచ్చింది ఏ దారిన? జ్ఞానస్నానపు తొట్టి దారిన. 1530ల్లో తమిళనాడు తీరంలో పరవ బెస్తలు వేలాదిగా పోర్చుగీసుల రక్షణ కోరి క్రైస్తవులయ్యారు. జ్ఞానతండ్రి పేరే బిడ్డకూ వచ్చింది. గోవాలో, మంగళూరులో, కేరళ తీరపు లాటిన్ కేథలిక్కుల్లో జరిగింది కూడా అదే. తరతరాల తర్వాత వాళ్ళ పిల్లలు రైల్వేలోనో, నర్సు కొలువులోనో, సింగరేణిలోనో చేరారు. కాజీపేట–బల్లార్షా లైను 1929 నాటికి పూర్తయ్యాక ఆ పేర్లు మంచిర్యాల మీదుగా ఇటు వచ్చాయి. వీళ్ళలో అధికభాగానికి పోర్చుగల్‌తో ఉన్నది పేరు చుట్టరికమే. యూదులతో అదీ లేదు.

కాజీపేటలో ఫాతిమానగర్ ఉంది కదా. ఫాతిమా పోర్చుగల్‌లో ఒక పల్లె. అలాగని ఫాతిమానగర్‌ను పోర్చుగీసువాళ్ళు కట్టలేదు. 1917లో ఆ పల్లెలో మరియమాత కనిపించిందన్న భక్తి ప్రపంచమంతా పాకితే, ఆ పేరును వరంగల్ మేత్రాసనానికి తెచ్చింది ఇటలీ గురువులు.

తెలుగునాట యూదులమని చెప్పుకొనేవాళ్ళు మరి లేరా అంటే, ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం 1991 నుంచి యూదుల ప్రార్థనాలయం నడుపుతోంది. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిమ్ సంతతి అని వాళ్ళ నమ్మకం. వాళ్ళు పోర్చుగల్ పేరెత్తరు, పాత పోర్చుగీసు ఇంటిపేరుతో వాళ్ళకు పనిలేదు. వాళ్ళ దావా వేరు, దాన్ని తూచే త్రాసు వేరు.

ఇంతకీ రోడ్రిగ్స్ ఇంటివాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: వెనక్కి నడవండి, ముందుకు దూకకండి. లిస్బన్ నుంచి నస్పూర్‌కు వచ్చే కథ ఎవరైనా అల్లగలరు. నస్పూర్ నుంచి లిస్బన్ వైపు ఒక్కో తరం నడిచినవాడికే నిజం దొరుకుతుంది. నాన్న సర్వీసు పుస్తకంలో సొంతూరు ఏమని ఉంది? అమ్మానాన్నల పెళ్ళి ఏ విచారణలో, అంటే ఏ చర్చి పరిధిలో, అయింది? మంచిర్యాల కేంద్రంగా ఉన్న ఆదిలాబాద్ మేత్రాసనం 1999లో చాందా నుంచి విడివడింది, అదీ లాటిన్ రీతి వాళ్ళది కాదు, సీరో మలబార్ అనే వేరే రీతి కేథలిక్కులది. కాబట్టి రైల్వే లాటిన్ కుటుంబాల పాత రిజిస్టర్లకు కాజీపేట, సికిందరాబాద్ వైపు, కొన్నిటికి చంద్రపూర్ వైపు చూడాలి. తాతల్లో యూరేషియన్లు ఉంటే మద్రాసు ప్రెసిడెన్సీ జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, సమాధుల నకళ్ళు 1698 నుంచి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ వరస గోవాకు చేరితే 1623 సూచిక, కొచ్చికి చేరితే అక్కడి పరదేశి యూదుల చరిత్ర, ఆమ్‌స్టర్‌డామ్‌కు చేరితే అక్కడి నగర దస్తావేజులు. డీఎన్ఏ పరీక్ష ఎక్కడి రక్తం ఎంత శాతమో ఓ అంచనా చెబుతుంది, ముత్తాత ఏ దేవుణ్ణి ఎవరికీ చెప్పకుండా మొక్కాడో చెప్పదు.

విచారణ రిజిస్టర్లకు చెద పడుతోంది, సిరా వెలిసిపోతోంది. ఈ ఆదివారం పూజయ్యాక విచారణ గురువును అడిగి తాత పేజీ చూడండి. జ్ఞానస్నానం తేదీ, తల్లి పుట్టింటి పేరు, జ్ఞానతండ్రి పేరు, ఈ మూడూ రాసుకోండి, అనుమతిస్తే ఫోటో తీసుకోండి. లిస్బన్ గురించి ఆలోచన ఆ తర్వాతే.