రెజిన్ ఎర: బరువు ఎంత, ఎక్కడ?

ఛత్తీస్‌గఢ్‌లో జాముల్ పేరు చెబితే సిమెంటు, ఆ పక్కనే ఉన్న భిలాయ్ పేరు చెబితే ఉక్కు గుర్తొస్తాయి. ఉక్కు కర్మాగారంలో పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. చుట్టుపక్కల చెరువులకూ కొదవ లేదు. సెలవురోజు గాలం పట్టుకుని గట్టు మీద కూర్చునేవారు చేప ఆకారపు కృత్రిమ ఎరను ఇంట్లోనే రెజిన్‌తో పోసుకోవచ్చు. అయితే అచ్చు చక్కగా కుదిరినంత మాత్రాన ఎర నీటిలో చేపలా ఈదదు. దాన్ని తేల్చేదీ ముంచేదీ లోపలి బరువే.

తేలడానికి లెక్క

మామూలు పోత రెజిన్ నీటికన్నా కొంచెం బరువు. మిల్లీలీటరుకు సుమారు 1.05 నుంచి 1.2 గ్రాములు తూగుతుంది. అంటే ఏ బరువూ పెట్టకపోయినా మునుగుతుంది. ఎర తేలాలంటే రెజిన్‌లో బోలు గాజు రేణువుల పొడి కలిపి సాంద్రత తగ్గించాలి.

అచ్చులో 20 మిల్లీలీటర్ల నీరు పడుతుందనుకుందాం. ఎర మొత్తం బరువు 20 గ్రాముల లోపు ఉంటేనే మంచినీటిలో తేలుతుంది. పొడి కలిపిన మిశ్రమం సాంద్రత 0.7 అయితే ఒళ్లు 14 గ్రాములు. కొక్కేలు, రింగులు 3 గ్రాములు, రంగు, పైపూత 1 గ్రాము అనుకుంటే మొత్తం 18. పావు అంగుళం ఉక్కు బేరింగ్ బాల్ సుమారు 1 గ్రాము ఉంటుంది. ఒకటి పెడితే ఎర తేలుతుంది, రెండు పెడితే దాదాపు నీటి మధ్యలో నిలుస్తుంది, మూడు పెడితే మెల్లగా మునుగుతుంది. కొరమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, నీటి పైన కదిలే కప్పనూ పట్టుకుంటుంది. అందుకే దానికి తేలే ఎర నప్పుతుంది.

ఎక్కడ పెట్టాలి?

బరువు ఎప్పుడూ పొట్ట అడుగునే ఉండాలి. పైకి జరిగితే ఎర పక్కకు ఒరుగుతుంది, లాగినప్పుడు గిరగిరా తిరిగి దారానికి మెలిక వేస్తుంది. తలవైపు పెడితే ముక్కు కిందికి వాలుతుంది. తోకవైపు పెడితే విసిరినప్పుడు దూరం వెళ్తుంది కానీ నీటిలో తోక వేలాడుతుంది. ఒకేచోట, మధ్యలో చేరిస్తే ఎర చురుగ్గా ఊగుతుంది. అదే బరువును రెండు చివరలకూ పంచితే ఊపు తగ్గి, నిలకడ పెరుగుతుంది.

కాబట్టి ముందు రంధ్రం వేయకూడదు. కొక్కేలన్నీ తగిలించి, బరువు ముక్కలను రబ్బరు బ్యాండుతో పొట్టకు కట్టి, బకెట్ నీటిలో వదలాలి. ముందుకూ వెనక్కూ జరిపి చూసి, సరైన చోటు దొరికాక గుర్తు పెట్టుకుని, అక్కడే కింది నుంచి రంధ్రం చేసి బరువు దించి రెజిన్‌తో మూసేయాలి. పూత బరువు ఇంకా కలవాల్సి ఉందని మరవకూడదు.

సీసమా, ఉక్కా?

సీసం సాంద్రత 11.3, ఉక్కుది సుమారు 7.8. చిన్న చోటులో ఎక్కువ బరువు కావాలంటే సీసమే సులువు. కానీ అది విషం, ముఖ్యంగా పిల్లలకు. 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కదా అని వంటింటి పొయ్యి మీద, వంట గిన్నెల్లో కరిగించడం ప్రమాదకరం. సీసం గుళ్లు మింగి హంసలు చనిపోతుండటంతో బ్రిటన్ 1987లో చాలా పరిమాణాల సీసపు గాలం బరువులను నిషేధించింది. ఉక్కుకు కాస్త పెద్ద రంధ్రం కావాలి, నీరు తగిలితే తుప్పు పడుతుంది. పూర్తిగా రెజిన్‌లో మూసేస్తే ఆ ఇబ్బంది ఉండదు.

వానాకాలంలో ఇంకో చిక్కు. పాలీయూరిథేన్ రెజిన్ గాలిలోని తేమతో కలిసి నురగ కడుతుంది. లోపల బుడగలు చేరితే ఒకే అచ్చులో పోసిన రెండు ఎరల బరువు వేర్వేరుగా ఉంటుంది. రెజిన్ డబ్బాను గట్టిగా మూసి ఉంచాలి, గాలి బాగా ఆడేచోట, చేతికి తొడుగులతో పోయాలి. ప్రతి ఎరనూ తూచి రాసుకుంటే, చేపలు పడిన ఎర పోయినా అలాంటిదే మళ్లీ చేసుకోవచ్చు.