వినియోగ వస్తువుల కంపెనీల హరితగృహ వాయు ఉద్గారాలు

సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు, పాలపొడి, కూల్‌డ్రింకుల వంటి రోజువారీ సరుకుల తయారీ, అమ్మకం, వాడకం వల్ల గాలిలో చేరే కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, శీతలీకరణ వాయువులను ఈ పేరుతో లెక్కిస్తారు. సిమెంటు కంపెనీ ఉద్గారాల్లో అధిక భాగం కర్మాగారంలోనే పుడతాయి. సబ్బుల కంపెనీ సంగతి వేరు. దాని ఉద్గారాల్లో పెద్ద వాటా ఫ్యాక్టరీ గోడల బయట, కొంత పొలంలో, కొంత కొన్నవారి స్నానాల గదిలో పుడుతుంది.

మూడు పద్దులు

ఈ లెక్కలకు ఆధారం 2001లో వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్. కంపెనీ సొంత బాయిలర్లు, వాహనాలు వదిలేవి స్కోప్ 1. కొన్న కరెంటు, ఆవిరి తయారీలో వెలువడినవి స్కోప్ 2. ముడిసరుకు మొదలు రవాణా, వాడకం, చెత్త వరకు మిగిలినదంతా స్కోప్ 3. దీనికి 2011లో విడిగా ప్రమాణం వచ్చింది, అందులో 15 విభాగాలున్నాయి.

పొలం, పశువుల పాక

2018లో తాను లెక్కలోకి తీసుకున్న ఉద్గారాలు 9.2 కోట్ల టన్నులని, వాటిలో దాదాపు 95 శాతం సొంత ఫ్యాక్టరీల బయటివేనని నెస్లే ప్రకటించింది. పాడి, పశుపోషణల వాటా అందులో పెద్దది. ఆవు నెమరువేసేటప్పుడు త్రేన్పుల్లో వచ్చే మీథేన్, వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. తాజా పాల సేకరణలో మీథేన్‌ను 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామని దనోన్ 2023లో ప్రకటించింది.

కొనుగోలు పద్ధతి కూడా ఉద్గారాలను పెంచుతుంది. బ్రిటన్‌లో వాకర్స్ చిప్స్ కంపెనీ బంగాళాదుంపలను బరువు చొప్పున కొనేది. బరువు తగ్గకుండా రైతులు గిడ్డంగుల్లో తేమను కాపాడేవారు. ఆ నీటిని వేపుడులో ఆవిరి చేయడానికి ఫ్యాక్టరీ అదనంగా ఇంధనం తగలేసేది. 2007లో ప్యాకెట్ మీద 75 గ్రాముల కార్బన్ లేబుల్ వేసే క్రమంలో చేసిన అధ్యయనం ఈ విడ్డూరాన్ని బయటపెట్టింది. అదే ఏడాది తన దుకాణాల్లోని సరుకులన్నిటికీ లేబుళ్లు వేస్తానన్న టెస్కో, ఆ పని భారమై 2012లో విరమించుకుంది.

స్నానాల గది

తన వస్తువుల పర్యావరణ భారాన్ని సగానికి తగ్గిస్తామని యూనిలీవర్ 2010లో ప్రకటించింది. ఫ్యాక్టరీల్లో బాగానే తగ్గించింది. వినియోగదారుల వాటా మాత్రం తొలి ఏళ్లలో తగ్గకపోగా పెరిగింది. కారణం వేడినీళ్లు. అమెరికాలో షాంపూ బ్రాండ్లున్న ఆల్బర్టో కల్వర్‌ను కొనడంతో, షవర్ కింద గడిపే నిమిషాలు కూడా యూనిలీవర్ ఖాతాలో పడ్డాయి. అదే షాంపూతో బకెట్ చన్నీళ్ల స్నానం చేస్తే భారం చాలా తక్కువ. ప్రాక్టర్ అండ్ గాంబుల్ 2005లో చన్నీళ్లలో ఉతికేందుకు టైడ్ కోల్డ్‌వాటర్‌ను తెచ్చింది కూడా ఈ వేడిని తప్పించేందుకే.

దుకాణాల్లోని కూల్‌డ్రింక్ ఫ్రిజ్‌లది మరో కథ. వాటిలో వాడిన హెచ్‌ఎఫ్‌సి-134ఎ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా శక్తిమంతం. ఇలాంటి వాయువులను 2015 నుంచి మానుకోవడం మొదలుపెడతామని, 2020 నాటికి అడవుల నికర నష్టాన్ని ఆపుతామని ఈ రంగ కంపెనీల వేదిక కన్స్యూమర్ గూడ్స్ ఫోరం 2010లో తీర్మానించింది. అడవుల గడువు లక్ష్యం చేరకుండానే దాటిపోయింది.

భారతదేశంలో

గోధుమపిండి, బిస్కెట్లు అమ్మే ఐటీసీకి భద్రాచలం సమీపంలోని సారపాకలో కాగితపు మిల్లు ఉంది. రైతులు పెంచిన సుబాబుల్, జామాయిల్ కర్ర గుజ్జుగా మారాక మిగిలే నల్లటి ద్రావణాన్ని అక్కడ బాయిలర్లలో మండిస్తారు. ఆ మేరకు బొగ్గు ఆదా అవుతుంది.

మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి సుస్థిరత నివేదికను సెబీ తప్పనిసరి చేసింది. ఆ నివేదికలో స్కోప్ 1, 2 వివరాలు ముఖ్య సూచికలు కాగా, స్కోప్ 3 ఐచ్ఛికంగా చెప్పే సూచికల్లో ఉంది.