మూడున్నర తులాల ఉంగరం

శ్రీరంగపట్నం, 1799 మే 4. పొద్దు గుంకింది, ఉక్క మాత్రం తగ్గలేదు. కోట ఉత్తరపు గోడ దగ్గర, నీటి వాకిలి అనే ఇరుకు దారిలో ఉన్నారు మీరు. కాలు మోపడానికి నేల లేదు. శవాల మీద శవాలు. దివిటీ ఊగినప్పుడల్లా ఓ చెయ్యి, ఓ మొహం కనిపించి మళ్లీ చీకట్లో కలిసిపోతున్నాయి.

మిట్టమధ్యాహ్నం దాటాక, ఒంటిగంటకి, ఇంగ్లీషు సేన కావేరిలో దిగి కోట ఎక్కింది. ఆ యుద్ధంలో వాళ్ల పక్షాన హైదరాబాదు నిజాం సైన్యమూ ఉంది. ఆ సంగతి మనం అంతగా తలుచుకోం.

పల్లకీ కింద గాయాలతో పడి ఉన్న నౌకరు రాజా ఖాన్, ఏలినవారు పడిన చోటు చూపించాడు. లాగారు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఒళ్లు వెచ్చగా ఉంది. ప్రాణం ఉందేమోనని కర్నల్ వెలెస్లీకీ మేజర్ అలన్‌కీ అనుమానం. నాడి చూశారు. లేదు. ఒంటిమీద మూడు గాయాలు, కణత మీద మరొకటి. తెల్లటి పల్చని అంగీ, పూల పైజామా, ఎర్రటి నడికట్టు. తలపాగా ఎక్కడ జారిపోయిందో! కిల్లేదారు వంగి చూసి గుర్తుపట్టాడు. టిప్పు సుల్తానే.

ఇప్పుడు ఆ చేతులు చూడండి. దండకు తాయెత్తు ఉంది. ఇంకే నగా లేదు. ఇది నా మాట కాదు, అక్కడే నిలబడి చూసిన అలన్ రాసింది.

మరి 2014 మే నెలలో లండన్ క్రిస్టీస్ వేలంలో మీ కళ్లముందున్న ఈ ఉంగరం? 41.2 గ్రాముల బంగారం. ముఖం మీద ఉబ్బెత్తుగా దేవనాగరిలో ‘రామ్’. చనిపోయిన సుల్తాను వేలినుంచి తీశారని కథ. లార్డ్ రాగ్లాన్ వంశంలో ఉండిపోయింది. రాగ్లాన్ భార్య వెలెస్లీ అన్నకూతురే కాబట్టి దారి ఊహించుకోవచ్చు.

అలన్ మాట నమ్మితే, దివిటీ వచ్చేలోపే ఎవరో వేలు ఖాళీ చేసుండాలి. కత్తి నడుంపట్టీ లాగబోయిన సిపాయే సుల్తానుని కాల్చాడంటారు. అలాంటి చోట ఉంగరం ఎంతసేపు నిలుస్తుంది? లేదా అది ఆ సాయంత్రం ఆయన వేలికి లేనేలేదు. నాకైతే ఈ రెండోదే నమ్మబుద్ధేస్తుంది.

పాట పెరుగుతూనే ఉంది. అంచనాకి దాదాపు పదింతలు, లక్షా 45 వేల పౌండ్ల దగ్గర ఆగింది. కొన్నదెవరో క్రిస్టీస్ చెప్పలేదు.